అమ్మల తనిఖీ

రాజనర్సయ్య దేన్నీ నమ్మడు. ఆయన గురించి ఈ ఒక్క ముక్క తెలిస్తే మిగతా మనిషంతా తెలిసినట్టే.

పంజాగుట్ట రాళ్ళ మధ్య రేకుల షెడ్లు వేసి నడిపిన ఖాకీ కార్ఖానాలో ఆయన గుమాస్తా. ఆ కార్ఖానాకు అసలు పేరు ఇంకేదో ఉండేది కానీ, లడాయికి పోయే ఫౌజుకు బట్టలు కుట్టేది కాబట్టి జనం అలాగే పిలిచేవారు. రోజూ పొద్దున గేటు ముందు చంద్రమ్మ దగ్గర చాయ్ తీసుకుని, గ్లాసును వెలుగుకెత్తి చూసేవాడు. తర్వాత చంద్రమ్మను చూసేవాడు. మళ్ళీ గ్లాసును చూసేవాడు.

"నిన్నటి చాయ్ సుత గిదే రంగున ఉండెనా?"

"గదే రంగు సారూ. నిన్న మీరే తాగితిరి గద."

"తాగిన. తాగింది నేనే అని ఏం భరోస?"

చంద్రమ్మ ఈ ప్రశ్నకు జవాబు వెతకడం ఏడాది కిందటే మానేసింది.

ఆయన గొడుగు పిడికి మూడు చోట్ల ఎర్రదారం కట్టి ఉండేది, ఎవరైనా మార్చేస్తే తెలియడానికి. కొన్నాళ్ళకు, మార్చేసినవాడు దారం కూడా కట్టేస్తే ఎలా అన్న అనుమానం పుట్టింది. నాలుగో చోట ఇంకో దారం కట్టి, అది తనకొక్కడికే తెలిసిన రహస్యమనుకున్నాడు. గొడుగు పట్టుకుని వీధిలో నడిచినంత సేపూ ఆ రహస్యం అందరికీ కనబడుతూనే ఉండేది. మధ్యాహ్నం పన్నెండుకు కార్ఖానా కూత వేస్తే బయటికొచ్చి సూర్యుణ్ణి చూసేవాడు. ఆకాశంలో మబ్బుంటే మేనేజరును అనుమానించేవాడు. కాగితాల మీద రెండేసి సంతకాలు పెట్టేవాడు. మొదటిది సంతకం. రెండోది, ఆ మొదటి సంతకం తనదేనని ధ్రువీకరిస్తూ.

ఇలాంటి మనిషి చేతికి నూట పది మంది తల్లులను అప్పగించారు.

అది జొన్నలు కూడా సరిగ్గా దొరకని కాలం. బజారులో గింజలు బంగారమైపోతే, కార్ఖానావాళ్ళు లోపలే ఒక దుకాణం పెట్టి పనివాళ్ళకు చవకగా జొన్నలివ్వడం మొదలుపెట్టారు. పనివాడికి, భార్యకు, పిల్లలకు లెక్క ప్రకారం. అది కాక, తల్లి గానీ తండ్రి గానీ కొడుకు పోషణలో బతుకుతుంటే దర్ఖాస్తు పెట్టుకోవచ్చు, వాళ్ళ పేరు మీద నెలకు పది సేర్లు అదనం. కింద పెద్ద అక్షరాలతో ఇంకో మాట ఉంది. అబద్ధపు పేరు రాసినవాడికి ఆ రోజే పనిలోంచి ఉద్వాసన.

ఆ నోటీసు పడేదాకా కార్ఖానాలో తల్లుల మాట ఎత్తినవాడు లేడు. పడిన వారంలో వంద మంది పనివాళ్ళకు నూట పది మంది తల్లులు తేలారు. మేనేజరు దర్ఖాస్తుల కట్టను రాజనర్సయ్య బల్ల మీద పడేసి, "ఇంటింటికి పోయి చూసి రా" అన్నాడు. రాజనర్సయ్య ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగింది. పుట్టి బుద్ధెరిగాక అనుమానించడమే పనిగా ఒకరు జీతమిచ్చి చెప్పడం ఆయనకదే మొదలు.

తన కళ్ళను తాను నమ్మడు కాబట్టి, తనతో తిరగడానికి ఒక సాక్షి కావాలన్నాడు. షెడ్డంతా కలియజూసి శివరాములు ముందు ఆగాడు. శివరాములు కాజాల దర్జీ. ముప్పయ్యేళ్ళుంటాయి, సిరిసిల్ల పద్మశాలీల పిల్లవాడు, సూది కంటే సన్నగా ఉండేవాడు.

"నువ్వు రా."

"నేనెందుకు సారూ?"

"కాజాలు కుడ్తవు. బొక్క ఎక్కడున్నదో నీ కంటికి జెల్ది కనవడ్తది."

శివరాములుకు ఒళ్ళంతా చెమట పోసింది. ఎందుకంటే ఆ కట్టలో ఎక్కడో ఆయన దర్ఖాస్తు కూడా ఉంది. 'నా తల్లి పోశవ్వ నా పోషణలో ఉన్నది' అని అందులో రాశాడు. ఆ వాక్యంలో సగం నిజం. పోశవ్వ ఆయన పోషణలోనే ఉంది. తల్లి మాత్రం కాదు.

మూడేళ్ళ కిందట అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకున్నప్పుడు, గదితో పాటు ఒక నులక మంచం, మూతి పగిలిన కాగు, పోశవ్వ కలిసి వచ్చాయి. అరుగు మీద కూర్చుని ఉంటే ఇంటాయన తరఫు మనిషి కాబోలనుకుని శివరాములు భార్య మంగవ్వ మర్యాదకు ఓ రొట్టె పెట్టింది. అలా ఆర్నెల్లు పెట్టింది. ఒకరోజు ఇంటాయన వచ్చి, "మీ అమ్మకు కండ్లు ఆనుతలేవు, జర దవాఖానకు తీస్కపోరాదుర" అన్నాడు.

"మా అమ్మెవలు? మీ అత్తమ్మ గద."

"మా అత్తమ్మ సచ్చిపోయి పదేండ్లాయె."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కలిసివెళ్ళి పోశవ్వనే అడిగారు. "నేను ఎవలకేం గాను బిడ్డా. గుట్ట మీద రాళ్లు గొట్టెటోళ్లకు వంట జేస్తుంటి. వాళ్లు పోయిండ్రు, నేను ఉండిపోయిన," అంది ఆమె, తప్పు చేసినదానిలా. అప్పటికే శివరాములు కూతురు భూలక్ష్మి ఆ ఒడిలో తప్ప నిద్రపోవడం లేదు. మంగవ్వ తొక్కు నూరితే ఉప్పు చూసేది పోశవ్వే. ఇక అడగడానికేం మిగల్లేదు. కానీ ఆకలికి చుట్టరికం అక్కర్లేదు గానీ దర్ఖాస్తుకు కావాలి. నాలుగు నోళ్ళకు మూడు నోళ్ళ జొన్నలతో మంగవ్వ అంబలి పలచబరిచి పలచబరిచి, చివరికి అందులో ఆమె ముఖం ఆమెకే కనబడుతుండగా శివరాములు ఆ కాగితం మీద వేలిముద్ర లాంటి సంతకం పెట్టాడు.

ఇప్పుడు ఆ కాగితం తనిఖీకి తానే సాక్షి.

తనిఖీ పడిన ఇంటివాడికి ఆ పూట సెలవు. రాజనర్సయ్య సరిగ్గా తిండి వేళకు దిగేవాడు. గుమ్మంలో నిలబడి ముందు ఇంటిని వాసన చూసేవాడు. మంచం నులక ఎక్కడ కుంగిందో చేత్తో తడిమేవాడు. కుండల మీద మూతలెత్తేవాడు. ఉచితంగా భోజనం కోసమే ఆ వేళకొస్తాడని కార్ఖానాలో అనుకునేవారు గానీ, మంచినీళ్ళిచ్చినా ఆయన ముట్టేవాడు కాదు. నీళ్ళ మీద ఆయనకున్న అనుమానాలు వేరు. చివరికి పుస్తకం తీసి, శివరాములుకు కనబడకుండా మోచేయి అడ్డం పెట్టి ఏదో రాసుకుని, పేజీ మడిచి, కింద సంతకం మాత్రం పెట్టించుకునేవాడు. సాక్షికి కనబడేది పెన్సిలు రంగొక్కటే. నీలం పెన్సిలు తీస్తే మంజూరు. ఎర్ర పెన్సిలు తీస్తే రద్దు. ఎవరూ చెప్పకపోయినా అందరికీ అలాగే అర్థమైంది.

మొదటి వారంలో బేగంపేటలో ఇస్త్రీ పని చేసే ఓదెలు ఇంటికి వెళ్ళారు. ఓదెలు తల్లి కొత్త చీర కట్టుకుని, కొత్తగా నూనె పెట్టిన తలతో, గోడకు అతికించినట్టు కూర్చుని ఉంది.

"నీ పేరేందవ్వా?"

"కాంతవ్వ. నా కొడుకు బంగారం సారూ. రాముని అసొంటోడు. నేను అడుగకముందే అన్నం వెడ్తడు. రాత్రి కాళ్లు వత్తుతడు. ఎన్నడన్న నన్ను పల్లెత్తు మాటన్న పాపాన పోలే."

రాజనర్సయ్య వింటున్న కొద్దీ కళ్ళు సన్నబడిపోయాయి. అన్నం పెట్టించి, ఆమె తినేదాకా కూర్చుని, ఎర్ర పెన్సిలు తీశాడు. బయటికి రాగానే, "అద్దె తల్లి," అన్నాడు.

"ఎట్ల తెల్సె సారూ?"

"పరాయి మనిషి ముంగట కొడుకును గంతగనం మెచ్చుకునే తల్లిని ఎన్నడన్న చూసినవా? అసలు తల్లి తిడ్తది. పొట్టోడంటది, సోమరిపోతంటది, పెండ్లాం మాట ఇంటడంటది. కోపం బాగ వస్తే నువ్వు నా కొడుకువే కాదంటది. గా మాటన్నదంటే ఇగ అనుమానం లేదు. కడుపున పుట్టినోడే."

పోశవ్వకు తిట్టడం రాదు.

ఆ సాయంత్రమే ఇంట్లో చదువు మొదలైంది. "అవ్వా, జర నన్ను తిట్టు," అన్నాడు చేతులు కట్టుకుని.

"ఏమని తిట్టాలె బిడ్డా?"

"ఏదన్న తిట్టు. సోమరిపోతుననో, గాడిదననో."

"పొద్దుగూకులు కుట్టి కుట్టి నీ వేండ్లు కాయలు గాసె. నిన్ను సోమరిపోతంటే నా నోట్లె పుండ్లు వడ్తయి."

మంగవ్వ ముందుకొచ్చింది. "నేను జెప్త, ఇను అవ్వా. 'నీ మొకం మండ, తల్లికి గుక్కెడు అంబలి పొయ్యవు, పెండ్లానికి చీరలు దెస్తవు' అను." అంటూ ఆమె అక్కడితో ఆగలేదు. పెళ్ళైన నాటి నుంచి మూటగట్టి పెట్టుకున్నవన్నీ పోశవ్వకు నేర్పే పేరుతో మొగుడి మీద కుమ్మరించింది. శివరాములు అడ్డుపడలేకపోయాడు, చదువు కదా.

పోశవ్వ గొంతు సవరించుకుంది. వేలు చూపించింది. "నీ మొకం..." అని ఆగింది. ఇంకోసారి బలం తెచ్చుకుని, "నీ కడుపు..." అంది. "నీ కడుపు సల్లగుండ," అని ముగించింది.

పదిహేను రోజులు నేర్పినా ప్రతి తిట్టూ అలాగే దీవెన దగ్గర తేలింది.

ఇంతలో బోరబండలో కత్తెర పని చేసే బుచ్చయ్య వంతు వచ్చింది. ఆయన తల్లి బుచ్చమ్మ అక్షరాలా తల్లి. గుమ్మంలో అడుగుపెట్టక ముందే మొదలుపెట్టింది. "గిప్పుడొచ్చిండ్రా? వీన్ని అడుగుతరా, నన్ను అడుగుతరా? వీడు నా కొడుకు గాదు. మంత్రసాని మార్చింది. నా కడుపుల గసొంటోడు పుట్టడు."

రాజనర్సయ్య మురిసిపోయి శివరాములు వీపు తట్టాడు. ఇక నీలం పెన్సిలే అని శివరాములు కూడా నిశ్చయించుకున్నాడు. కోడలు రెండు రొట్టెలు పెట్టింది. బుచ్చమ్మ తిట్ల మధ్య తినేసింది. ఖాళీ గిన్నె చూసింది. రొట్టెల బుట్ట చూసింది. తర్వాత ఒక్క చిటికెడు సేపు కోడలి ముఖం చూసి, "సాలు," అని చేయి కడుక్కుంది.

రాజనర్సయ్య ఎర్ర పెన్సిలు తీశాడు.

మర్నాడు షెడ్డులో శివరాములు బుచ్చయ్యను అడిగాడు. "మీ అవ్వది రద్దాయెనా?" బుచ్చయ్య కత్తెర వైపు చూస్తూ, "అయింది అనుకోరాదు. ఇగ గా ముచ్చట దియ్యకు," అన్నాడు. ఓదెలునడిగితే ఓదెలూ అంతే. ఎర్ర గీత పడ్డ ప్రతివాడూ ఆ మాటెత్తగానే ఖాకీ గుడ్డలో తల దూర్చేవాడు. అసలు తల్లికే దిక్కు లేకపోతే, గదితో పాటు వచ్చిన తల్లి గతేమిటి? పైగా తన కాగితం రోజురోజుకూ కట్టలో కిందికి జారిపోతోంది. ఇవాళ కాకపోతే రేపు అని ఎదురుచూసే శిక్ష రెండు నెలలు సాగింది.

ఆ రెండు నెలలూ ఇల్లు ఇల్లులా లేదు. ఏ పూట తలుపు కొడతాడో తెలియదు కాబట్టి పోశవ్వకు మొదట పెట్టి తర్వాత మిగిలినవాళ్ళు తినడం అలవాటు చేసుకున్నారు. మంచం ఆమెది, గోడ పక్కన చోటు ఆమెది. ఇదంతా ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒకనాడు ఇంటాయన నోట జారింది, మాట బయటపడితే శివరాములు పని పోతుందని. మర్నాడు పొద్దున చూస్తే పోశవ్వ తన రెండు చీరలు మూటగట్టి అరుగు మీద కూర్చుంది.

"ఎటు పోతున్నవవ్వా?" అంది మంగవ్వ.

"గుట్ట మీదికి. మళ్ల రాళ్లు గొట్టెటోళ్లు వచ్చిండ్రట."

మంగవ్వ ఆ మూట తీసుకుని అటక మీదికి విసిరింది. "పో. నిన్నెవలు ఆపిండ్రు? భూలక్ష్మిని ఎవలు పండవెడ్తరో చెప్పి పో. తొక్కుల ఉప్పు ఎవలు చూస్తరో సుత చెప్పి పో." అటక మీదికి ఎక్కడం పోశవ్వ వల్ల కాదు. ఆమె మళ్ళీ మంచమెక్కింది.

రెండు రోజుల తర్వాత రాజనర్సయ్య కట్టలో ఆఖరి కాగితం తీశాడు.

"ఇయ్యాల మీ ఇల్లు."

"మరి సాక్షి ఎవలు సారూ?"

"నువ్వే."

"నా ఇంటికి నేనే సాక్షా?"

"పరాయోన్ని పెడ్తే వాన్నొకన్ని వేరే అనుమానించాలె. నువ్వైతే ఇద్దరిని ఒక్కదగ్గరనే అనుమానించొచ్చు."

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు నడిచినంత దూరం శివరాములు నిజం చెప్పేద్దామని నాలుగుసార్లు నోరు తెరిచాడు. నాలుగుసార్లూ రాజనర్సయ్య ఆగి, గొడుగు దారాలు లెక్కపెట్టుకోవడంతో మాట లోపలికి పోయింది.

ఇంట్లో మంగవ్వ పొయ్యి ముందు ఉంది. పోశవ్వ మంచం మీద, భూలక్ష్మి ఆమె ఒళ్ళో. రాజనర్సయ్య నులక తడిమాడు. కాగు మూతెత్తి చూశాడు. వాసన చూశాడు. తర్వాత పోశవ్వ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, గీ శివరాములు నీ కొడుకేనా?"

మంగవ్వ అట్లకాడతో సైగ చేసింది, తిట్టు అన్నట్టు. పోశవ్వ అట్లకాడను చూసింది. అటక మీది మూటను చూసింది. రాజనర్సయ్య కళ్ళలోకి చూసింది.

"కాదు సారూ."

మంగవ్వ మాడుతున్న రొట్టెను తిప్పడం మరిచి, ఇంకోసారి అట్లకాడ ఊపింది.

"వీడు నా కొడుకు గాదు. నేను గీ ఇంట్ల ముందుగాల్నే ఉన్న, వీండ్లు ఎన్కనుంచి వచ్చిండ్రు. రెండు నెలల సంది నా పానం తింటుండ్రు. అబద్ధమాడుమంటరు. తిట్టుమంటరు. తిట్టరాదు కొడుకా అంటే ఇనడు. పొద్దుగాల లేస్తే గదే లొల్లి. పెండ్లాం ఎట్ల ఆడిస్తే అట్ల ఆడ్తడు. పోదమంటే మూట అటక మీదికి ఇసిరేస్తరు. ఏం మనుషులో, ఏం బుద్ధులో. గంత తెలివి లేనోన్ని నేను ఎక్కడ సూడలే."

జీవితంలో మొదటిసారి పోశవ్వ ఒక మనిషిని మొదలు నుంచి చివరిదాకా దీవెన లేకుండా తిట్టింది. ఆ సంగతి ఆమెకు తెలియలేదు. తన పని ఊడింది కాబట్టి శివరాములుకూ తెలియలేదు.

రాజనర్సయ్య పుస్తకం తీశాడు. "సాక్షీ, ఇన్నవు గద. పరాయి మనిషి ముంగట తల్లి కొడుకును తిట్టింది. సోమరి అనలేదు గని, తెలివి లేనోడన్నది, పెండ్లాం మాట ఇంటడన్నది. నా కొడుకే గాదన్నది సుత."

"నిజంగనే గాదు సారూ," అంది పోశవ్వ.

"రాస్తున్న అవ్వా. రెండుసార్లన్నది అని రాస్తున్న."

"ఎన్నిసార్లు చెప్పాలె? నేను వీనికేం గాను."

"మూడుసార్లు," అని రాజనర్సయ్య అంకె దిద్దాడు.

తర్వాత అన్నం పెట్టమన్నాడు. మంగవ్వ రెండు రొట్టెలు, ఇంత తొక్కు పెట్టింది. పోశవ్వ ఇంకా కోపంలోనే ఉంది. కోపంలోనే తింది. రెండు రొట్టెలయ్యాక ఎవరి ముఖమూ చూడకుండా గిన్నె ముందుకు తోసింది.

"ఇంకోటి ఎయ్యి. తొక్కుల ఉప్పెక్కువైందని నిన్ననే చెప్పిన. నీకెన్నిమాట్ల చెప్పాలె?"

రాజనర్సయ్య నీలం పెన్సిలు తీశాడు. గీత గీసి, దాని పక్కన ఇంకో గీత గీశాడు, మొదటిది తనదేనని. తర్వాత ఎన్నడూ లేనిది, "నాకు సుత ఓ రొట్టె ఉంటే ఎయ్యి బిడ్డా," అన్నాడు. రొట్టెను రెండు వైపులా తిప్పి చూసి, ఎండకు పట్టి చూసి, తిన్నాడు.

వీధిలోకి రాగానే శివరాములు ఇక ఆగలేకపోయాడు. "సారూ, గామె నిజంగనే మా అవ్వ గాదు."

"ఎరుకనే. మీ అవ్వ పేరు రాజవ్వ. నీకు పదేండ్లున్నప్పుడే పోయింది. నిన్ను భర్తీ చేసుకున్నప్పుడు నేనే రాసుకున్న. రెండు సంతకాలు సుత ఉన్నయి."

"మరి మొదటినాడే నా కాగితం చింపకుంట రెండు నెలలు ఎందుకు తిప్పినవు?"

"అనుమానమొచ్చింది. కాగితం కోసం పెడ్తున్నవో, ఆకలి చూసి పెడ్తున్నవో తెల్వదు. అందుకే నీ కాగితం అడుగుకు దోసిన. నన్ను జూసి భయపడి పెట్టినా సరే, రెండు నెలలు ముందుగాల ముసలామెకు వెట్టినోని చెయ్యి ఇగ ఊకోదు."

"మరి బుచ్చయ్య వాళ్ల అవ్వ అసలు తల్లే గద. ఎర్ర గీత ఎందుకు కొట్టినవు?"

రాజనర్సయ్య గొడుగు విప్పాడు. "శుక్రవారం సెలవు గద. దుకాణం ఎన్కకు రా. సాక్షి కావాలె."

శుక్రవారం కార్ఖానా మూసి ఉంది. దుకాణం వెనక కిటికీ ఒకటే తెరిచి ఉంది. దాని ముందు పాతిక ముప్పయి మంది ముసలమ్మలు వరుసగా నిలబడి ఉన్నారు, తలా ఒక సంచి, ఎర్ర గీత ఉన్న కార్డు ఒకటి. కొడుకు చేతికి వెళ్ళే పది సేర్లను ఎర్ర గీత తల్లి చేతికి మళ్ళించింది. తన గింజలు తన సంచిలో పట్టుకుని ఇంటికి వచ్చే ముసలామె మూడో రొట్టెకు ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. షెడ్డులో బుచ్చయ్య తల ఎందుకు దూర్చాడో శివరాములుకు ఇప్పుడర్థమైంది. జొన్నలు పోయినందుకు కాదు. 'మా అవ్వకు ఆమె కార్డు ఆమెకే ఇచ్చిండు' అని చెప్పుకుంటే, ఎందుకిచ్చాడో కూడా చెప్పుకోవాలి.

వరుసలో అయిదో మనిషిని చూసి శివరాములు నోరు తెరిచాడు. "సారూ, కాంతవ్వ. ఓదెలు అద్దెకు దెచ్చినామె."

"ఊఁ. పూట కూటికి పరాయోనికి తల్లినని చెప్పెటామెకు కొడుకు కన్న జొన్నలే అవసరం. ఓదెలు దర్ఖాస్తు పెట్టిండు గద, గా జొన్నలు ఆమెకే పోతున్నయి. ఓదెలు నోరెత్తిండా?"

ఎత్తలేదు. ఎలా ఎత్తుతాడు? అద్దె సంగతి బయటపడితే పని పోతుంది.

రాజనర్సయ్య తూకం చూద్దామని కాటా మీద చెయ్యి వేయగానే కిటికీ దగ్గర గొడవ మొదలైంది. బోరబండ బుచ్చమ్మ కాటా ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "కాటా మీదికెల్లి చెయ్యి తియ్యి. సెలవు దినాన నీకు గీడ ఏం పని? మా జొన్నల నుంచి ఎన్ని సేర్లు నూకుతున్నవు? మళ్ల తూకు." వెనకున్న ముసలమ్మలందరూ అవునన్నట్టు మూలిగారు. ఒకామె ఆయన జేబులు తడిమి చూసింది. ఇంకొకామె గొడుగు విప్పించి, లోపల గింజలున్నాయేమోనని దులిపించింది.

రాజనర్సయ్య రెండు చేతులూ పైకెత్తి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. ఇన్నేళ్ళకు తనలాంటి మనుషులు ఒకేచోట ఇంతమంది దొరికినందుకు ఆ ముఖంలో పట్టలేని ఆనందం.

మూడోసారి తూచాక గానీ బుచ్చమ్మ శాంతించలేదు. సంచి మూతి బిగించి, పక్కనే నిలబడ్డ శివరాములును కింది నుంచి మీది దాకా చూసింది.

"నువ్వెవలి కొడుకువురా?"

రెండు నెలలు నిద్రలో కూడా భయపడ్డ మాట, చెమట పట్టకుండా బయటికొచ్చింది.

"అమీర్‌పేట పోశవ్వ కొడుకును."

"మరి కట్టె లెక్క నిలవడ్డవేంది? మీ అవ్వ నీకు పని నేర్పలేదా? గీ సంచి ఎత్తుకో, బోరబండ దాంక."

శివరాములు సంచి భుజానికెత్తుకున్నాడు. బుచ్చమ్మ పక్కన నడవలేదు. రెండడుగుల వెనకనే నడిచింది, సంచికి ఎక్కడన్నా చిల్లు పెట్టి ఉంటాడేమోనని నేల చూసుకుంటూ.